వేటకుక్క కూడు



ఉగాది సంచికలో రాయలవారిని గురించియో, నన్నయభట్టును గురించియో వ్రాయుట మన సంఘములో ఆచారము. ఆ పనికి తగిన పెద్దలు మనలో ఉన్నారు. మెట్రిక్కుతో చదువు చాలించి, రైల్వే పార్సిలు ఆఫీసులో రసీదులు వ్రాసుకొను మాబోటివారికి కుక్కల చరిత్ర చాలునని దీనికి పూనుకొన్నాము. నవ్వదలచినవారు నవ్వవచ్చును. కాని కన్నడదేశమున ఉగాది మరునాడు హొసతొడకు పేరిట ఇంటింట మాంసము వండు వేళ, దుకాణము ముందు మనుష్యుల వరుసకు ప్రక్కగా కుక్కల వరుస కూడ నిలుచుట చూడనివారు మనలో ఎందరు?

మాకు ఈ విషయము పట్టుబడినది పుస్తకము వలన కాదు, ఒక కుక్క వలన. కొన్నేండ్ల క్రిందట మేము తమిళనాడు దక్షిణ జిల్లాలలో పనిచేయుచుండగా, ఒక పెద్దాయన కన్ని జాతి ఆడకుక్కను బుక్కు చేయుటకు మా కిటికీ వద్దకు వచ్చినాడు. కుక్కలను పంపుటకు గార్డు బ్రేకు వ్యానులో ప్రత్యేకముగా ఒక పెట్టె ఉండును. దారిలో తిండి, నీరు చూచుకొను పూచీ మాత్రము యజమానిదే. ఆ కుక్క నల్లని ఒడలు, కన్నుల మీద తేనెరంగు చుక్కలు, పిడికిట పట్టునంత నడుము. ప్రక్కటెముకలు లెక్కపెట్టవచ్చును. పస్తు పెట్టి తెచ్చినాడనుకొని మేము కొంచెము మందలించినాము. ఆయన మారు పలుకక సంచిలోనుండి మూతగిన్నె తీసి చూపినాడు. అందులో చల్లలో పిసికిన సజ్జ సంకటి ఉన్నది.

"పెద్దాయనా, వేటకుక్కకు మాంసము పెట్టవా?" అని అడిగినాము.

"మాంసమా సామీ? మాకే పండగ పండగకి. మేం ఏం తాగితే ఇదీ అదే తాగుతాది," అన్నాడు. ఆయన మాట మన తెలుగే, కాని నాలుగైదు వందల ఏండ్ల దుమ్ము, తియ్యదనము రెండును అంటుకొన్న తెలుగు.

వేటకుక్క యనగానే మనకు మాంసము గుర్తుకు వచ్చుట రాజుల వలన. క్రీస్తుపూర్వము 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు ఒక వింత వ్రాసినాడు. పారశీకుల క్రింద బాబిలోను నేలిన అధికారి వద్ద భారతదేశపు కుక్కలు లెక్కకు మిక్కిలిగా ఉండెడివట. వాటి తిండి భారమును మైదానములోని 4 పెద్ద గ్రామములకు అప్పగించి, అందుకు బదులుగా ఆ గ్రామములకు ఇతర పన్నులు తీసివేసినారట. కూటికై పరదేశము పోయిన మనవారిలో ఆ కుక్కలు చాల పాతవారని చెప్పవలెను. మనలో ఎవ్వరికిని 4 గ్రామములు దొరికినట్లు లేదు! అక్బరు చక్రవర్తి కాబూలు వైపునుండి కుక్కలను తెప్పించుకొనెడివాడు. ఆయన సొంత కుక్కకు దినమునకు 2 సేర్ల మాంసమని అబుల్ ఫజలు ఐనీ అక్బరీలో లెక్క వ్రాసిపెట్టినాడు. కల్యాణి చాళుక్యరాజు 3వ సోమేశ్వరుడు (1126–1138) మానసోల్లాసమున రాజుల వినోదములు చెప్పుచు కుక్కల వినోదమునకు వేరే ప్రకరణమే కేటాయించినాడు.

దొర కుక్కల సంగతి ఇది. సామాన్యుని కుక్క ఎక్కడ చూచినను పాడి మిగులు, ధాన్యపు మిగులు తిని పెరిగినదే. రోము కవి వర్జిలు తన వ్యవసాయ కావ్యములో వేటకుక్కపిల్లలకు, కాపలాకుక్కలకు జున్ను తీసిన పిమ్మట మిగిలిన చిక్కని తేట పెట్టుమన్నాడు. 1వ శతాబ్దపు కొలుమెల్లా ఇంకను గృహస్థు. బార్లీ పిండిని ఆ తేటతో కలిపిన అన్ని కుక్కలకు సరిపడునట. పాడి లేని చోట రొట్టెను చిక్కుడుగింజలు ఉడికిన నీళ్ళలో నానవేసి గోరువెచ్చగా పెట్టవలెనట. వేడిగా పెట్టిన వెర్రి పుట్టునని ఆయన భయము. ఆ భయము తప్పే గాని, ఉడికిన నీళ్ళను పారబోయని బుద్ధి మాత్రము మన అవ్వల బుద్ధియే.

ఇక మనవారి దగ్గరకు వత్తము. విజయనగర స్థాపన కథ అందరెరిగినదే: వేటకుక్కలు తరుముచున్న కుందేలు ఒకచోట వెనుదిరిగి కుక్కలనే తరిమినది, ఆ నేల వీరభూమియని అక్కడ నగరము కట్టినారు. ఈ కథను 16వ శతాబ్దమున గుర్రముల వర్తకుడైన పోర్చుగీసు నూనిజు విని వ్రాసిపెట్టినాడు. చిత్రమేమనగా ఇదే కథ తిరునెల్వేలి సీమలోని పాంచాలంకురిచ్చి కోటకును చెప్పుదురు. అది 1799లో ఇంగ్లీషువారు కయత్తారు వద్ద ఉరితీసిన వీరపాండ్య కట్టబొమ్మన కోట. ఆయన పుట్టిన కంబళత్తారు ఇంట నేటికిని తెలుగే మాట్లాడుదురు, జక్కమ్మను కొలుతురు. మనుష్యులు వలస పోవునప్పుడు కుక్కలనే గాక కుక్కల కథను కూడ వెంట తీసికొనిపోయినారని మా అభిప్రాయము. రెండు చోట్లను కుందేలి పౌరుషమును పొగడినారే గాని, ఆ కుక్కలు ఆ ఉదయము ఏమి తిని బయలుదేరినవో ఒక్కరును చెప్పలేదు.

మధురలో 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుని ఏలుబడి మొదలై, దేశము 72 పాళెములుగా ఏర్పడిన తరువాత తెలుగు కుటుంబములు ఆ నల్లరేగడి మెట్టలలో స్థిరపడినవి. రాజపాళయములోని తెలుగు రాజులు తెల్లని బలమైన కుక్కను పెంచి పంది వేటకు ప్రసిద్ధి చేసినారు. మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగాను, తరువాత ఒరిస్సాకు గవర్నరుగాను ఉన్న పూసపాటి కుమారస్వామి రాజా ఆ ఊరివారే. కోవిల్పట్టి వైపు చిప్పిపారై, కన్ని జాతులు కుందేటి వేటకు పేరు పొందినవి. కన్ని కుక్కను పెండ్లికూతురికి అరణముగా ఇచ్చెడివారని చెప్పుకొందురు. ఆవును ఇచ్చినట్లే కుక్కను ఇచ్చినారన్న మాట. ఆవు పాలిచ్చును, కుక్క కూరకు కుందేలు తెచ్చును.

అరణముగా వచ్చిన ఆ కుక్కకు పెట్టినదేమి? ఉదయము కొంచెము పాలు, మధ్యాహ్నము మొక్కజొన్న గంజి, సాయంకాలము రాగి అంబలి, నెలకు ఒకటి రెండుసార్లు మేకమాంసము. ఇది ఉన్న ఇంటి మాట. లేని ఇంట పాలకు బదులు చల్ల, మేకమాంసమునకు బదులు ఊరిలో మేకను కోసిననాడు మిగిలిన తునకలు. ఆ తునకలలోను తరతమములు గలవు. కార్జము, గుండె మనుష్యులే వండుకొందురు. బొట్టి కడిగి వండు ఇండ్లలో అదియు మిగులదు. ఊపిరితిత్తులు, గొంతుక గొట్టము, చర్మము గీకగా వచ్చిన కొవ్వు, మూలుగ పీల్చిన ఎముక, ఇవి కుక్కకు దక్కును. వాటిని విడిగా పెట్టక గంజిలో వేసి ఉడికించెడివారు. గుప్పెడు తునకలతో కుండ గంజికి వాసన పట్టును, కుక్క కుండ మొత్తము తినును. కర్ణాటకములోని ముధోళ కుక్కలు పెరిగిన పల్లెలలోను ఇదే లెక్క: జొన్న, మొక్కజొన్న, పాడి మిగులు.

వేట దొరికినప్పుడు ప్రేగులు అక్కడనే కుక్క ముందు పడెడివి. ఫ్రాన్సు దొరలు దీనినే ఒక తంతుగా చేసినారు. లేడి చర్మము పరచి, దానిపై నెత్తురులో తడిపిన రొట్టెముక్కలు పోసి, కొమ్మూది కుక్కలను విడిచెడివారు. ఇంగ్లండులో నక్కవేట కుక్కలకు ఓట్సు పిండి పాయసము, ముసలి గుర్రముల మాంసము ఉడికించి పెట్టెడివారు. 1860 ప్రాంతమున లండనులో జేమ్సు స్ప్రాటు అను నాతడు కుక్కలకని బిస్కత్తు చేసి అమ్మినాడు. నేడు మన వీధి దుకాణములో వ్రేలాడు పొట్లముల వంశకర్త అతడే.

ఇక్కడ ఒక సందేహము రావలసియున్నది. తోడేలు జాతి జంతువు గంజి త్రాగి ఎట్లు పరుగెత్తినది? 2013లో స్వీడను శాస్త్రజ్ఞులు దీనికి కొంత సమాధానము చెప్పినారు. పిండిపదార్థమును అరిగించు జన్యువు తోడేలులో 2 ప్రతులే ఉండగా కుక్కలో 4 మొదలు 30 దాక ఉన్నవట. మనిషి కుండలోనిది తినుటకు కుక్క ఒడలే మారినదన్న మాట.

కాని ఆ కుండలో గింజ తప్ప మరేమియు లేకపోయిన? ఈ భాగము చదివినప్పుడు మాకు నిద్ర పట్టలేదు. 20వ శతాబ్దము మొదట అమెరికా దక్షిణ రాష్ట్రములలో మొక్కజొన్న పిండి, పాకము, పంది కొవ్వు తిని బ్రతికిన బీదలకు పెల్లాగ్రా అను వ్యాధి వచ్చినది. ఎండ తగిలిన చర్మము నల్లబడి ఊడును, కడుపు చెడును, తుదకు మతి చలించును. వేలకొలది జనము పోయినారు. అదే తిండి తిన్న కుక్కలకు నాలుక నల్లబడి చచ్చెడి రోగము వచ్చినది. రెండును ఒకే రోగమని గ్రహించి డాక్టరు గోల్డుబర్గరు కుక్కల మీద పరిశోధించినాడు. 1929లో ఆయన గతించినాడు. 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో ఎల్వెజెం, కార్జమునుండి తీసిన నికోటినిక్ ఆమ్లముతో కుక్కల నల్లనాలుక నయము చేసినాడు. ఆ వెంటనే మనుష్యులకును అదే మందైనది.

ఇది పరదేశపు కథయే యని ఊరుకొందమన్న వీలులేదు. దక్కనులో జొన్నయే ఆధారమైన బీదలకును పెల్లాగ్రా ఉండెడిది. కూనూరునుండి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో డాక్టరు సి. గోపాలన్, శ్రీకాంతయ్యగార్లు 1960లో దీనిపై వ్రాసినారు. జొన్నలో లూసిను అను పదార్థము హెచ్చుగా ఉండుటయే కారణమని వారి ఊహ. ఆ ఊహపై తరువాత వాదములు లేకపోలేదు. వారి పరిశోధనలోను కుక్కపిల్లలే సాక్షులు. లూసిను ఎక్కువైన తిండి తిన్న పిల్లలకు నాలుక నల్లబడినది.

అనగా ఆ పెద్దాయన చెప్పిన "మేం ఏం తాగితే ఇదీ అదే" అను మాటకు రెండవ ముఖము కలదు. గంజిలో పడిన చల్లయు, నెలకొకసారి పడిన మాంసపు తునకయు రుచికి మాత్రమే కాదు. అవి కుక్క కుండలో పడుట మానిన ఇంట, మనుష్యుల కుండలోను మానియే యుండును. మన తాతలు వలస వచ్చిన మెట్టలలో వైద్యుడు లేని కాలమున, ఇంటి కుక్క నాలుకను చూచి ఇంటివారి సంగతి చెప్పగలవారు ఎవరైన ఉండిరో, లేదో.

ఇంకొక మాట గృహిణులకు. పచ్చి ప్రేగులు, ఊపిరితిత్తులు కుక్కకు వేయకుడు. గొర్రె, మేకల ఒంటిలో నీటితిత్తులుగా ఉండు ఒక పురుగు కుక్క కడుపు చేరి బద్దెపురుగగును. దాని గ్రుడ్లు కుక్క మలము ద్వారా మన పిల్లల చేతికి, నోటికి వచ్చును. బాగుగా ఉడికించిన భయము లేదు. ఉడికించిన ఎముకలు మాత్రము వేయరాదు, అవి సూదులుగా చీలి ప్రేగులను కోయును.

1972 వన్యప్రాణి రక్షణ చట్టముతో వేట నేరమైనది. కుందేలును సైతము పట్టరాదు. 2005లో తపాలా శాఖవారు రాజపాళయము, ముధోళ కుక్కల బొమ్మలతో బిళ్ళలు వేసినారు. వేట పోయిన పిమ్మట గౌరవము వచ్చినది! ఇప్పుడు పట్టణములలో ఇవి మేడల మీద పొట్లపు తిండి తిని లావెక్కుచున్నవి.

ఆ పెద్దాయనను కూడ మేము అడిగినాము, వేట లేనప్పుడు ఈ కుక్క ఎందుకని. ఒక కరువు ఏట, మనుమల కంచములోనిది తీసి పెట్టలేక తన 2 కుక్కలను పట్టణమున ఎవరికో ఇచ్చివేసినాడట. ఒకటి ఆ ఏడే చచ్చినదని కబురు వచ్చినదట. "ఇది దాని బిడ్డ సామీ. నా కూతురి ఊరికి తీసుకుపోతా ఉండా. ఆడ రెండు గేదెలు ఉండాయి, చల్లకి కరువు లేదు," అన్నాడు.

రసీదు వ్రాయబోయినాము. మా రేటు పుస్తకము ప్రకారము బ్రేకు వ్యానులో పోవు కుక్క ఎంత తూగినను 30 కిలోల లెక్క కట్టవలెను. అంకె చూచి ఆయన కుక్క వంక, మా వంక చూచినాడు.

"ముప్పై కిలోలా? ఇది ఏ జన్మలో తూగాల సామీ?"

గిన్నెలోని సంకటి అప్పటికే అయిపోయినది. కుక్క గిన్నె అంచును నాకుచున్నది. దాని నాలుక ఎర్రగా ఉన్నదని ఇప్పుడు గుర్తుకు వచ్చుచున్నది.