రాయచూరు అంతర్వేదిలో పౌరవిద్య

కృష్ణా తుంగభద్రా నదుల నడుమ నున్న రాయచూరు అంతర్వేదిలో, రాయచూరు నుండి మానవి మీదుగా సింధనూరునకు పోవు మార్గముపై పోతనాళ యను గ్రామము గలదు. తుంగభద్ర ఎడమగట్టు కాలువ నీరు ఈ నల్లరేగడి నేలలకు పారనారంభించిన పిమ్మట, కృష్ణా గోదావరీ మండలముల నుండి తరలివచ్చి స్థిరపడిన తెలుగు రైతుల క్యాంపులు ఈ ప్రాంతమం దెల్లెడల వెలసియుండుటచే, ఇంట తెలుగును బడిలో కన్నడమును మాటాడు బాలబాలికలు, తరతరములుగా ఈ నేలనే నమ్ముకొన్న కన్నడ కుటుంబముల బిడ్డలతో గూడి ఒకే తరగతిలో దేశచరిత్రను పౌరధర్మములను అభ్యసించుచున్నారు. ఆ తరగతిలో ఉపాధ్యాయుడు చెప్పునది వినుట మాత్రమే గాక, శిష్యుడు తన చేతులతో నేమి చేసిన నాతడు పౌరుడగును? ఈ ప్రశ్నకు ఈ సీమ రెండు శతాబ్దములుగా వేర్వేరు సమాధానములు చెప్పుచు వచ్చినది.

తుంగభద్ర కావలి గట్టున నున్న బళ్ళారి జిల్లాకు కలెక్టరుగా నుండిన ఎ.డి. క్యాంబెల్, 1816లో తెలుగు భాషకు వ్యాకరణము వెలువరించిన పండితుడు, 1823లో తన జిల్లాలోని వీధిబడులను గూర్చి మద్రాసు ప్రభుత్వమున కొక నివేదిక పంపెను. నాడు బళ్ళారి జిల్లాలో 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును ఉండిరి. అందు బాలికలు కేవలము 60 మంది. తెల్లవారి మొట్టమొదట బడికి వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురనియు, రెండవవాని చేత సున్న చుట్టుదురనియు, మూడవవానికి ఒక మెల్లని దెబ్బయు, నాల్గవవానికి రెండును, ఆ పిదప వచ్చిన ప్రతివానికి ఒక్కొక్క దెబ్బ యధికముగను దక్కుననియు ఆ నివేదిక చెప్పుచున్నది. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు పాఠము చెప్పుట, పద్యములు కంఠస్థము చేయుట ఆ బడులలోని నిత్యకృత్యములు. పద్యములను వల్లించు బాలురకు వాని యర్థము తెలియకుండుటను క్యాంబెల్ తీవ్రముగా విమర్శించెను. ఆ విమర్శ న్యాయమైనదే.

అయినను ఆ వీధిబడిలో మనము విస్మరింపరాని అభ్యాసము మరియొకటి యుండెను. నానావిధములైన దస్తూరీలలో వ్రాయబడిన జాబులను చదువుట, ఒడంబడిక పత్రములను స్వయముగా వ్రాయుట అచ్చటి విద్యలో ముఖ్యభాగములు. పౌరనీతి యను పేరుతో పాఠ్యవిషయమేదియు లేని ఆ కాలమందు, సాహుకారు వ్రాయించిన పత్రములో తనకు వ్యతిరేకముగా నేమున్నదో చదివి తెలిసికొనగల రైతుబిడ్డను తయారుచేసిన ఆ అభ్యాసమే మన ప్రాంతపు తొలి పౌరవిద్య యని నా దృఢాభిప్రాయము. ఆ విద్య బాలికలకును, అంటరానివారని దూరముంచబడిన కులముల బిడ్డలకును అందకపోవుటయే దాని మహాదోషము.

నదికి ఈవలి గట్టు నిజాము రాజ్యము. ఇచ్చట ఉన్నతవిద్యకు ఉర్దూ మాధ్యమము. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు సైతము బోధన ఆ భాషలోనే జరిగెను. ముందుగా అనుమతి పొందక సభ జరుపరాదని శాసించిన 53వ సంఖ్య గస్తీ (ఉత్తరువు) అమలులో నున్న రాజ్యమున, సభా మర్యాదలను బడిపిల్లల కెవరు నేర్పగలరు? కావున ఆ కార్యము బడిగోడల వెలుపల, గ్రంథాలయములలో జరిగెను. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మిత్రులతో గూడి స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలియు తెలుగువానికి తన చరిత్రను తన భాషలో చదువుకొను భాగ్యము కలిగించినవి. నాడు గద్వాల, ఆలంపురము తాలూకాలు రాయచూరు జిల్లాలోనివే. ఆ ప్రాంతమునకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించిరి. రాజుల యుద్ధములకు మారుగా జనుల తిండితీర్థములను, ఆటపాటలను, ఆచారములను చరిత్రగా గ్రహించిన ఆ గ్రంథము, తరగతిలో ప్రతి విద్యార్థియు తన అవ్వను అడిగి తెలిసికొనదగిన విషయములే చరిత్రకు సామగ్రి యగునని నిరూపించినది. ఆ మార్గమును మన పాఠశాలలు నేటికిని పూర్తిగా ఉపయోగించుకొనలేదు.

రాయచూరు పట్టణములో పండిత తారానాథులు హందర్ద్ పాఠశాలను నెలకొల్పి, హిందూ మహమ్మదీయ బాలురను సోదరభావముతో పెంచుటయే విద్యకు లక్ష్యముగా జేసికొనిరి. మతకలహములు దేశమును దహించుచుండిన దినములలో, వేర్వేరు మతముల బిడ్డలు ఒకచో చదివి ఒకచో ఆడుకొనుటను మించిన పౌరాభ్యాస మేముండును?

చరిత్రపాఠమునకు ఈ అంతర్వేదిని మించిన ప్రయోగశాల మరియొకటి దుర్లభము. పోతనాళ నుండి ఒక్కదినములో పోయి రాదగిన మస్కిలో, 1915లో బీడన్ అను బంగారు గనుల ఇంజనీరు ఒక బండపై బ్రాహ్మీ శాసనమును కనుగొనెను. అంతకుముందు దొరికిన శాసనము లనేకములలో దేవానాంప్రియుడు, ప్రియదర్శి యను బిరుదములే యుండగా, ఆ రాజు అశోకుడే యని పండితులు సింహళ గ్రంథముల యాధారముతో నూహించియుండిరి. మస్కి బండపై అశోకుని పేరు స్పష్టముగా చెక్కబడి యుండుటచే ఆ యూహ సిద్ధాంతమైనది. ఉపాధ్యాయుడు పిల్లలను ఆ బండయెదుట నిలిపి, ఈ పేరు దొరకకపోయినచో మనము అశోకుని గూర్చి దేనిని నమ్మగలము, దేనిని నమ్మరాదు అని యొక్క ప్రశ్న వేసినచో చాలును. చరిత్ర యనగా సాక్ష్యములను తూచి చూచుట యని ఆ పిల్లవాడు జన్మలో మరువడు.

రాయచూరు కోటగోడలో నొక మహాశిలపై 1294వ సంవత్సరపు కాకతీయకాలపు తెలుగు శాసనము గలదు. దాని సమీపముననే, ఆ బండను చక్రముల బండిపై నెక్కించి పశువులచే లాగించుకొని వచ్చిన దృశ్యము రేఖలతో చెక్కబడియున్నది. కోట కట్టించినవారి పేర్లు శాసనములో నున్నవి. బండను తరలించి తెచ్చినవారి శ్రమ ఆ చిత్రములో నున్నది. ఈ రెంటిని పక్కపక్కన జూపి, శాసనమున కెక్కనివారు ఎవరెవరో వ్రాయుడని పిల్లల కప్పగించిన యెడల చరిత్రయు పౌరనీతియు ఆ పనిలో ఏకమగును. క్యాంపు బిడ్డకు తన లిపి ఏడువందల యేండ్లకు పూర్వమే ఇచ్చట నున్నదని తెలియుటయు, కన్నడ బిడ్డకు ఈ కోట అనేక భాషలవారి చేతులలో పెరిగినదని తెలియుటయు ఆ విహారయాత్రకు అదనపు ఫలములు.

1948 సెప్టెంబరు 17తో నిజాము పాలన ముగిసి, 1956 నవంబరు 1న గద్వాల, ఆలంపురములు తప్ప తక్కిన రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రమున చేరెను. 1952-53 నాటి మొదలియార్ కమిషను ప్రజాస్వామిక పౌరత్వమును మాధ్యమిక విద్యకు ప్రధానోద్దేశముగా ఘోషించెను. 1966లో ఢిల్లీ పాఠశాలలలో ఆరంభమైన యువజన పార్లమెంటు పోటీలు క్రమముగా దేశమంతట వ్యాపించినవి. ఒక బాలుడు సభాపతి యగును, ఒక బాలిక ప్రధానమంత్రి యగును, ప్రతిపక్షము ప్రశ్నించును. ముందుగా వ్రాసి బట్టీపట్టిన సంభాషణలను అప్పగించి బహుమానము గ్రహింతురు. ఉచ్చారణ చక్కబడుటకు, సభాకంపము తీరుటకు అది మేలైనదే గాని, ప్రశ్నకు ఉత్తరము ముందే నిర్ణయింపబడిన చోట పౌరుని బుద్ధికి పని యుండదు. 1976లో 42వ సవరణతో రాజ్యాంగమున చేరిన ప్రాథమిక విధులును అనేక తరగతులలో గోడమీది పట్టికగానే మిగిలినవి. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము ఈ లోపమును గుర్తించి, విధేయతను నేర్పు పౌరనీతికి బదులు నిత్యజీవిత ప్రశ్నలతో ఆరంభమగు రాజకీయ విచారమును ప్రతిపాదించుట మెచ్చదగిన మార్పు.

ఈ సీమలో అంతకంటె గొప్ప మార్పు పుస్తకములద్వారా గాక అన్నముద్వారా వచ్చినది. 2002లో రాయచూరుతో సహా ఈశాన్య కర్ణాటకపు జిల్లాలలో తొలుత ప్రారంభమైన అక్షరదాసోహ మను మధ్యాహ్నభోజన పథకము భిన్నకులముల పిల్లలను ఒకే పంక్తిలో కూర్చుండబెట్టినది. బడులలో ఏటేటా ఎన్నికలు జరిపి ఏర్పరచు శాలా సంసత్తునందు, అనగా బడి పార్లమెంటునందు, ఆరోగ్యమునకు, నీటికి, భోజనమునకు బాలమంత్రులుందురు. ఓటుచీటీ మడిచి పెట్టెలో వేయుటకంటె, గెలిచిన భోజనమంత్రి పప్పు పలుచనైన దినమున వంటవారి యొద్దకు పోయి వినయముతో నడుగుటయే అందలి నిజమైన పాఠము. 2018లో ఎన్నికల సంఘము ప్రారంభించిన ఓటరు అక్షరాస్యతా సంఘములు, 2023లో కర్ణాటక పాఠశాలలలో ప్రవేశించిన రాజ్యాంగపీఠికా పఠనము ఈ క్రమమున తాజా ఘట్టములు. పీఠికను పఠించుట పవిత్రమైన పని. దానిలోని సమానత్వమను మాట తమ గ్రామములోని కొళాయికడ ఎట్లున్నదో పరిశీలించి చర్చించినప్పుడు ఆ పఠనము సార్థకమగును.

1990వ దశకములో కుందాపురము ప్రాంతమున పనిచేయు పిల్లల సంఘముల కృషి నుండి మక్కళ పంచాయతులు, అనగా పిల్లల పంచాయతులు, పుట్టెను. ఆ యనుభవము నాధారముగా జేసికొని 2006లో కర్ణాటక ప్రభుత్వము ప్రతి గ్రామపంచాయతియు మక్కళ గ్రామసభ జరుపవలెనని ఆదేశించినది. ఇందు పిల్లలు అధ్యక్షుని యెదుట నిలిచి మరుగుదొడ్డికి తలుపు లేదనియు, బడి ప్రహరీ కూలినదనియు, తల్లిదండ్రులు బెంగళూరునకు గుళె (వలస) పోయినపుడు తమ చదువు ఆగిపోవుచున్నదనియు చెప్పుకొందురు. యువజన పార్లమెంటునకును దీనికిని గల భేదము ఒక్కటే, కాని అది మహత్తరమైనది: ఇచ్చట ఉత్తరము చెప్పవలసినవాడు వేషధారి గాడు, అధికారము గల మనుష్యుడు.

అయితే సభ జరిపి, ఛాయాచిత్రము దీసి, కాగితములను బీరువాలో పెట్టినచో ఆ పిల్లలు నేర్చుకొనునది ప్రభుత్వము వినదను పాఠమే. అది ఏమియు నేర్పకుండుటకంటె హానికరము. కావున పోతనాళవంటి గ్రామములలో ప్రతి సంవత్సరము సభారంభమున, కడచిన యేడు పిల్లలడిగిన కోరికలలో తీరినవేవో, తీరనివేవో, తీరకుండుటకు కారణమేమో పంచాయతి అభివృద్ధి అధికారి పిల్లలయెదుట చదివి వినిపింపవలెను. ఆ జాబితాను కన్నడములోను, క్యాంపులలోని అవ్వతాతలకు తెలియునట్లు తెలుగులోను వ్రాయు పని ఏడవ తరగతి పిల్లలకే అప్పగింపవలెను.