తోటలో తాబేలు ఏం మింగింది?

2024 మార్చిలో మన హైదరాబాద్ జూలో 125 ఏళ్ల ముసలి తాబేలు చనిపోయింది, వార్త గుర్తుందా? 1963లో దాన్ని బాగ్-ఎ-ఆమ్ నుంచి, అంటే పబ్లిక్ గార్డెన్స్ నుంచి జూకి తెచ్చారు. అంటే అంతకుముందు అది తోట తాబేలే.

ఇంకో తోట తాబేలు లండన్‌లో ఉండేది. 1633లో ఆర్చిబిషప్ లాడ్ దాన్ని లాంబెత్ ప్యాలెస్‌కి తెచ్చాడు. ఆయన పోయాక కూడా వందేళ్లకు పైగా బతికి, 1753లో తోటమాలి నిర్లక్ష్యం వల్ల చచ్చిపోయిందట! దాని చిప్ప ఇప్పటికీ అక్కడే దాచి ఉంచారు. తోటలో తాబేలు బతుకు తోటమాలి చేతిలోనే ఉంటదని నాకు అప్పుడే అర్థమైంది.

ఇప్పుడు మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇండ్ల సంగతి చూద్దాం. ముందు పెరడంటే మట్టి, గడ్డి, రాలిన ఆకులు. ఇప్పుడు కుండీల్లో తెల్ల గులకరాళ్లు, కోకోపీట్, ఎరువు గుళికలు, ప్లాస్టిక్ దారాలు. తాబేలుకి పళ్లుండవు. ముక్కులాంటి దవడతో కొరికి, ముక్కను దాదాపు అట్లనే మింగేస్తది. ఎరుపు, పసుపు రంగులంటే దానికి మహా ఇష్టం, పువ్వో పండో అనుకుంటది. ఎర్ర ప్లాస్టిక్ ముక్క కూడా దాని కంటికి పువ్వే. ఒంట్లో సున్నం తక్కువైతే రాళ్లు కూడా మింగుతది. చిన్నవి బయటికొస్తాయి, పెద్దవి పేగులో అడ్డం పడతాయి. కోకోపీట్ అయితే నీళ్లు పీల్చి ఉబ్బుతది. ఇక గన్నేరు ఆకు, పురుగుమందు కొట్టిన ఆకు పూర్తిగా విషమే.

అసలు కష్టం ఏందంటే, తాబేలు అరవదు. దాని అరుగుదల కూడా చాలా నిదానం. కాబట్టి ఈరోజు మింగింది వారాల తర్వాత బయటపడుతుంది. తిండి మానేయడం, పెంట వేయకపోవడం, వెనక కాళ్లు ఈడ్చడం చూస్తే వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఎక్స్‌రేలో రాళ్లు కనపడతాయి కానీ ప్లాస్టిక్, దారం చాలావరకు కనపడవు. అందుకే ఏం మింగి ఉంటదో మీరే చెప్పాలి. నోట్లోంచో వెనకనుంచో దారం కొస కనపడితే అస్సలు లాగొద్దు, పేగు తెగుతది. ఆముదం కూడా పోయొద్దు.

ఇంకో మాట. కాకతీయుల నాటి గణపురం లాంటి చెరువుల్లో దొరికే తాబేలు తోటలో తిరిగేది కాదు, నీళ్లలో చేపలు, నత్తలు తినేది. పైగా నక్షత్ర తాబేలు అయినా, చెరువు తాబేలు అయినా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇంట్లో పెంచుకోవడం నేరం. నక్షత్ర తాబేలు అంతర్జాతీయ వ్యాపారాన్ని 2019లోనే నిషేధించారు. అదృష్టం వస్తుందని ఎవరో చెప్తే తెచ్చుకున్న తాబేలు ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే, ఎక్కడో చెరువులో వదిలిపెట్టి రాకండి. అటవీ శాఖకి ఫోన్ చేయండి. వాళ్లొచ్చేదాకా కుండీల రాళ్లన్నీ ఏరేసి, మందు కొట్టని గడ్డి మీద దాన్ని ఉంచండి.