ఏటిగట్ల బోర్డుల నుంచి నత్రజని లెక్కల దాకా

న్యూజిలాండ్ పటంలో రీజనల్ కౌన్సిళ్ల సరిహద్దులు చూస్తే మనకు కాస్త వింతగా అనిపిస్తుంది. హద్దు గీత చాలాచోట్ల నది వెంట కాక, కొండల నెత్తి మీదుగా పోతుంది. మన అలవాటు దీనికి తలకిందులు. 2022లో జిల్లాలు మారేదాకా గోదావరికి అటు తూర్పు, ఇటు పశ్చిమ. కృష్ణ దాటితే గుంటూరు. మనం నదిని హద్దురాయి చేసుకున్నాం. వాళ్లు నదినీ, అందులోకి వాలే రెండు వైపుల నేలనూ కలిపి ఒకే పాలన కిందికి తెచ్చారు. కొండ మీద పడ్డ చినుకు ఏ ఏట్లోకి దిగుతుందన్నదే వాళ్లకు పొలిమేర. ఈ ఆలోచన వరద బురదలోంచి పుట్టింది.

పందొమ్మిదో శతాబ్దిలో వలస వచ్చిన యూరోపియన్లు ఉత్తర దీవి కొండల మీది అడవిని నరికి, కాల్చి, గడ్డి విత్తనాలు చల్లి గొర్రెల్ని తోలారు. పాత వేళ్లు కుళ్లిపోయేదాకా మట్టి నిలిచింది. ఆ తర్వాత గట్టి వాన పడ్డప్పుడల్లా కొండచరియలు జారసాగాయి. 1938 ఫిబ్రవరిలో కోపువాఫారా దగ్గర రైలుమార్గం పనివాళ్ల శిబిరాన్ని వరద ఊడ్చుకుపోయి 21 మంది చనిపోయారు. రెండు నెలలకే హాక్స్ బేలోని ఎస్క్ లోయ ఒండ్రు మేటల కింద కూరుకుపోయింది. అప్పటిదాకా ఉన్న చిన్న చిన్న నదీ బోర్డులకు తమ గట్టు సంగతి తప్ప పైనున్న కొండ సంగతి పట్టదు. గట్టు ఎంత ఎత్తు లేపినా పైనుంచి మట్టి వస్తూనే ఉంటే ఏం లాభం? అందుకే 1941లో మట్టి సంరక్షణ, నదుల నియంత్రణ చట్టం తెచ్చి, పరీవాహక ప్రాంతం మొత్తాన్ని చూసే క్యాచ్‌మెంట్ బోర్డులు పెట్టారు. వాటి సిబ్బంది కరకట్టలు కట్టించారు, జారే వాలుల మీద పోప్లార్, విల్లో కొమ్మలు నాటించారు. రైతు దృష్టిలో బోర్డు అంటే సాయానికి వచ్చిన చుట్టం.

1967లో ఆ చుట్టరికం మారింది. కొత్త చట్టం సహజ జలాలపై హక్కును ప్రభుత్వానికి కట్టబెట్టింది. ఆనకట్ట కట్టాలన్నా, పంటకు నీళ్లు తోడాలన్నా, ఏట్లోకి మురుగు వదలాలన్నా అనుమతి కావాలి. ఇచ్చేది పాత క్యాచ్‌మెంట్ బోర్డులే. నిన్న మొక్కలిచ్చిన మనిషే ఇవాళ లైసెన్సు అడుగుతున్నాడు.

1989లో స్థానిక పాలన మంత్రి మైకేల్ బాసెట్ హయాంలో 800కు పైగా ఉన్న రకరకాల స్థానిక సంస్థలను కలిపేసి కొన్ని పదులకు కుదించారు. క్యాచ్‌మెంట్ బోర్డులు పోయాయి, కుందేళ్ల బెడద తీర్చడానికి పుట్టిన బోర్డులూ పోయాయి (కుందేళ్లకు ఒక బోర్డా అని నవ్వొద్దు, పచ్చిక బయళ్లను అవి అంత పని చేశాయి). వాటి స్థానంలో రీజనల్ కౌన్సిళ్లు వచ్చాయి. రెండేళ్లకు వచ్చిన 1991 వనరుల నిర్వహణ చట్టం నేల, నీరు, గాలి మూడింటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. ఫలానా పని చెయ్యొద్దు అనడం కన్నా, ఆ పని వల్ల ప్రకృతికి ఏమవుతుందో చూడాలన్నది దాని సూత్రం.

సూత్రం బాగుంది. కాని ఆ ఫలితం కంటికి కనబడాలి కదా! కర్మాగారం గొట్టంలోంచి మురుగు వస్తే సీసాలో పట్టి పరీక్షించవచ్చు. ఆవు సంగతి అలా కాదు. అది విశాలమైన బీడంతా మేసి, ఒంట్లో చేరిన నత్రజనిని మూత్రంగా గజం మేర నేలలో కుమ్మరిస్తుంది. అంత నత్రజనిని అక్కడి గడ్డి పీల్చుకోలేదు. మిగిలింది నైట్రేట్‌గా మారి వాన నీటితో కిందికి దిగి, భూగర్భజలంలో కలిసి, ఏళ్ల తర్వాత ఎక్కడో ఊటగా ఏట్లో తేలుతుంది. అప్పటికి ఆ ఆవూ ఉండదు, ఒక్కోసారి ఆ యజమానీ ఉండడు. 1990లో 34 లక్షల చుట్టూ ఉన్న పాడి పశువులు 2014 నాటికి దాదాపు 67 లక్షలయ్యాయి. 2003లో పాల సహకార సంస్థ ఫాంటెర్రా, ప్రభుత్వం, కౌన్సిళ్లు కలిసి స్వచ్ఛంద ఒప్పందం రాసుకుని పశువుల్ని వాగుల్లోకి దిగనివ్వకుండా కంచెలు వేయించాయి. కంచె ఆవును ఆపింది, నేలలోకి దిగే నైట్రేట్‌ను ఆపలేదు.

దాన్ని లెక్కతో పట్టుకోవడానికి గట్టిగా ప్రయత్నించింది వైకాటో రీజనల్ కౌన్సిల్. టౌపో సరస్సు దేశంలోకెల్లా పెద్దది, నీళ్లు అద్దంలా ఉంటాయి. ఆ తేటదనం తగ్గుతోందని తెలిసి, చుట్టూ ఉన్న ఒక్కో పొలానికి ఇంత నత్రజని అని పరిమితి కట్టారు. వాటాలు రైతులు తమలో తాము అమ్ముకోవచ్చు. ప్రజాధనంతో సుమారు 8 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల నిధి పెట్టి, వాటాలూ భూములూ కొని, మనుషుల వల్ల చేరే నత్రజనిని 20 శాతం తగ్గించే పని చేపట్టారు. నాకు నచ్చిందేమిటంటే, సరస్సు పాడయ్యాక కాక ఇంకా తేటగా ఉండగానే మేల్కొన్నారు. నచ్చనిది, పాత అలవాటుకే వాటా దక్కడం: ఎక్కువ కారుస్తూ వచ్చినవాడికి ఎక్కువ, అడవి పెంచుకున్న మూలవాసి మావోరీ భూ యజమానులకు తక్కువ.

పొలం నుంచి కారే నత్రజనిని అంచనా కట్టే ‘ఓవర్‌సీర్’ అనే కంప్యూటర్ లెక్క మీద ఇలాంటి నిబంధనలు చాలా నిలబడ్డాయి. ఎరువుల సలహాకు పుట్టిన ఆ పరికరాన్ని చట్టం అమలుకు కొలబద్దగా వాడటంలో ఉన్న లోపాలను 2018లో పార్లమెంటు పర్యావరణ కమిషనర్ ఎత్తిచూపాడు. ఆయన పేరు సైమన్ అప్టన్, 1991 చట్టాన్ని మంత్రిగా పార్లమెంటులో గట్టెక్కించినవాడే!

కౌన్సిళ్లకు మరో ఇబ్బంది ఓటు. పన్ను కట్టేదీ, ఎన్నుకునేదీ, నిబంధన బరువు మోసేదీ ఆ ప్రాంతం వాళ్లే. కాంటర్‌బరీలో నీటి పంపకాలు తెగడం లేదంటూ 2010లో కేంద్ర ప్రభుత్వం కౌన్సిలర్లను ఇంటికి పంపి కమిషనర్లను కూర్చోబెట్టింది. పూర్తిగా ఎన్నికైన సభ మళ్లీ 2019లో గాని రాలేదు. మనవాటూ-వాంగనుయి ప్రాంతపు హొరైజన్స్ కౌన్సిల్ పొలాలకు కఠినమైన నిబంధనలు రాసింది గాని, అమల్లో చేయి వదులు చేసింది. అనుమతులు ఇస్తున్న తీరు సరిగా లేదని 2017లో పర్యావరణ న్యాయస్థానం తేల్చింది.

2025 నవంబరులో ప్రభుత్వం ఎన్నికైన రీజనల్ కౌన్సిలర్లను తీసేసి, ఆ ప్రాంతపు మేయర్లతో బోర్డులు వెయ్యాలని ప్రతిపాదించింది. ఖర్చు కలిసొస్తుందంటారు, వచ్చేదేమో. కాని 2016లో హేవ్‌లాక్ నార్త్ పట్టణంలో గొర్రెల పెంట కలిసిన తాగునీటితో వేలమంది జబ్బుపడ్డప్పుడు, విచారణ సంఘం నీళ్లిచ్చే జిల్లా కౌన్సిల్‌ను, నీటి వనరును కాపాడాల్సిన రీజనల్ కౌన్సిల్‌ను విడివిడిగా తప్పుపట్టగలిగింది. రీజనల్ కౌన్సిల్ దగ్గరికి అనుమతి కోసం వచ్చేవాళ్లలో రైతులే కాదు, పట్టణ మురుగును నదిలో వదిలే మున్సిపాలిటీలూ ఉంటాయి. రేపు ఆ దరఖాస్తు మీద సంతకం పెట్టేదీ మేయరే, దాన్ని పరిశీలించే బోర్డులో కూర్చునేదీ మేయరే.