గొంతూ తనదే, నిర్ణయమూ తనదే: భానుమతీ రామకృష్ణ నటజీవితం

భానుమతి 1925 సెప్టెంబరు 7న ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టింది. ఆ ప్రాంతం అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉండేది. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యకు సంగీతమంటే ప్రాణం. కూతురికి పాట నేర్పింది ఆయనే. ఆమె మంచి గాయని కావాలన్నది ఆయన కోరిక తప్ప, సినిమాల్లో చేరాలని కాదు. అయితే 1930ల చివర తెలుగు సినిమాకు కావలసింది ముందు గొంతు, తరవాతే నటన. నేపథ్యగానం ఇంకా స్థిరపడలేదు. కెమెరా ముందు నిలబడిన మనిషే పాడాలి. పాడలేని అందగత్తె కంటే పాడగల పల్లెటూరి పిల్ల నిర్మాతలకు ఎక్కువ అవసరం. ఆ అవసరమే భానుమతిని స్టూడియో దాకా తీసుకొచ్చింది.

కాళ్ళకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ నాటకాన్ని సి.పుల్లయ్య 1939లో కలకత్తాలో సినిమాగా తీశాడు. కట్నపు దురాచారాన్ని కడిగేసిన ఆ కథలో తన పెళ్ళి కోసం తండ్రి నలిగిపోవడం చూడలేక ప్రాణం తీసుకునే కాళింది పాత్ర భానుమతికి దక్కింది. చెల్లెలు కమల వేషం పుష్పవల్లి వేసింది. సింగరాజు లింగరాజుగా బలిజేపల్లి లక్ష్మీకాంతం నటించాడు. కూతుర్ని పంపడానికి ఒప్పుకున్న వెంకటసుబ్బయ్య ఒక షరతు పెట్టాడు: మగనటులు ఆమెను కౌగలించుకునే సన్నివేశాలు ఉండకూడదు. ఈ షరతును ఆ కాలపు మధ్యతరగతి భయం అని తీసిపారేయడం తేలికే. కాని ఆమె తరవాతి నటనను అర్థం చేసుకోవడానికి ఇదే తొలి తాళంచెవి. పెద్ద తార అయ్యాక కూడా భానుమతి ఈ దూరాన్ని పాటించింది. ప్రేమ సన్నివేశం మొత్తాన్ని కంటిచూపుతో, మాట విరుపుతో, పాటలోని గమకంతో నడిపించడం ఆమెకు అలవాటైంది. ఎదుట ఎంత పెద్ద హీరో ఉన్నా ఆ సన్నివేశంలో పగ్గాలు ఆమె చేతిలోనే ఉన్నట్టు కనిపించేది ఇందువల్లనే.

‘మాలతీమాధవం’, ‘ధర్మపత్ని’ అయ్యాక 1943లో వచ్చిన ‘కృష్ణప్రేమ’ ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. ఆ చిత్రానికి సహాయ దర్శకుడిగా పనిచేస్తున్న పి.ఎస్.రామకృష్ణారావును ఇష్టపడింది. పెద్ద సంపాదన లేని సహాయ దర్శకుడికి పిల్లనివ్వడానికి ఇంట్లో వెనకాడినా ఆమె తన మాట నెగ్గించుకుంది. 1943 ఆగస్టు 8న పెళ్ళయింది. ఆ తరవాత సినిమాలు మానేసి ఇల్లు చక్కదిద్దుకోవాలనే అనుకుంది. ఆ నిర్ణయాన్ని మార్పించినవాడు దర్శకుడు బి.ఎన్.రెడ్డి.

ఆయన దర్శకత్వంలో వాహినీ వారి ‘స్వర్గసీమ’ 1945లో విడుదలైంది. అంతకుముందు ఆమెవి ఎక్కువగా అణకువగల పాత్రలు. ఇందులో వీధుల్లో ఆడిపాడే సుబ్బి నాటకరంగానికి చేరి సుజాతగా మారుతుంది. భార్యాబిడ్డలున్న చదువరి మూర్తిని ఇంటికి దూరం చేస్తుంది. మూర్తిగా చిత్తూరు నాగయ్య, అతని భార్యగా బి.జయమ్మ నటించారు. కథ సానుభూతి అంతా భార్య వైపే. అయినా ప్రేక్షకులు వెంట తీసుకెళ్ళింది సుజాతనే. పావురంతో ఆమె పాడే పాట ఆ రోజుల్లో ఊరూరా మోగింది. కర్ణాటక సంగీతంలో సాన తేలిన గొంతు ఆ పాటలో పాశ్చాత్య బాణీ నడకను అలవోకగా పట్టుకుంది. చివర గాలిలోకి వదిలినట్టు సాగదీసే ఆ స్వరంలో కవ్వింపు ఉంది, కాని చవకబారుతనం లేదు. తెలుగు తెర మీద మోహిని పాత్రకు ఇంత హుందాతనం అంతకుముందు కనబడలేదు.

ఆ విజయం చేతికొచ్చాక దంపతులు సొంత సంస్థ పెట్టారు. కొడుకు పేరు మీద దానికి భరణీ పిక్చర్స్ అని పేరు పెట్టారు. ‘రత్నమాల’ తొలి చిత్రం. 1949లో వచ్చిన ‘లైలా మజ్ను’ సంస్థను నిలబెట్టింది. అందులో అక్కినేని నాగేశ్వరరావు మజ్నుగా నటించగా సి.ఆర్.సుబ్బరామన్ సంగీతం కూర్చాడు. తరవాత మద్రాసు సాలిగ్రామంలో భరణీ స్టూడియో కూడా వెలిసింది. నటీమణుల సంపాదన అయినవాళ్ళ చేతుల్లోనో నిర్మాతల లెక్కల్లోనో కరిగిపోతున్న కాలంలో, ఒక నటి తన పేరు విలువను స్థిరాస్తిగా మార్చుకోవడం చిన్న విషయం కాదు. ఒక వేషం నచ్చకపోతే వద్దనగలిగే ధైర్యం ఆమెకు కొంతవరకు స్వభావం నుంచి వచ్చింది, కొంతవరకు ఈ స్టూడియో నుంచి వచ్చింది.

1951 డిసెంబరులో విడుదలైన ‘మల్లీశ్వరి’ని ఆమె నటనకు శిఖరమనడంలో వాదానికి చోటు తక్కువ. బి.ఎన్.రెడ్డి దర్శకత్వం, దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలూ పాటలూ, సాలూరు రాజేశ్వరరావు సంగీతం ఒక్కచోట కలిశాయి. కథ కృష్ణదేవరాయల కాలం నాటిది. వానకు తడిసి సత్రంలో తలదాచుకున్న బావామరదళ్ళు నాగరాజు, మల్లి ఆటపాటల్లో మునిగి ఉంటే, మారువేషంలో ఉన్న రాయలూ అల్లసాని పెద్దనా చూస్తారు. వాళ్ళెవరో తెలియని నాగరాజు మల్లి కోసం రాయలవారి పల్లకీ పంపించమని వేళాకోళంగా అడుగుతాడు. కొన్నాళ్ళకు ఆ పల్లకీ నిజంగానే గుమ్మం ముందు వచ్చి ఆగుతుంది. సత్రం సన్నివేశంలో అల్లరిపిల్లగా గెంతులు వేసిన మనిషే రాణివాసం చేరాక నడక మార్చేస్తుంది. మాట తగ్గుతుంది, మెడ నిలువవుతుంది, నవ్వు పెదవి దాకా వచ్చి ఆగిపోతుంది. కన్నీళ్ళు పెట్టకుండా దుఃఖం చెప్పడం చాలా కష్టం. ఇక్కడ భానుమతి ఆ పని నడకతోనే సగం చేసేసింది. నాగరాజు వేషం వేసిన ఎన్.టి.రామారావు అప్పటికి పరిశ్రమకు కొత్త, ఆమె అప్పటికే పెద్ద తార. ఈ చిత్రాన్ని చైనాలోనూ ప్రదర్శించారు.

ఆ రోజుల్లో ఆమె తమిళంలోనూ హిందీలోనూ తీరికలేకుండా నటించింది. జెమినీ వారి ‘అపూర్వ సహోదరర్గళ్’, దాని హిందీ రూపం ‘నిశాన్’ 1949లో వచ్చాయి. తమిళంలో ఎం.జి.రామచంద్రన్‌తో ‘మలైక్కళ్ళన్’, ‘అలీబాబావుమ్ 40 తిరుడర్గళుమ్’, ‘మదురై వీరన్’, శివాజీ గణేశన్‌తో ‘కళ్వనిన్ కాదలి’, అన్నాదురై కథతో తీసిన ‘రంగూన్ రాధా’ వచ్చాయి. ఎం.జి.ఆర్. స్వయంగా దర్శకత్వం వహించిన ‘నాడోడి మన్నన్’ నుంచి అభిప్రాయభేదాలతో ఆమె మధ్యలో తప్పుకుంది. కథలో ఆమె పాత్రను చంపేసి సినిమా పూర్తి చేశారు. ఆ చిత్రం 1958లో విడుదలైంది.

తెలుగులో అలాంటి ఘటన ‘మిస్సమ్మ’ది. విజయా వారు నాయిక వేషానికి మొదట తీసుకున్నది భానుమతినే. కొన్ని రీళ్ళ చిత్రీకరణ కూడా జరిగింది. షూటింగుకు ఆలస్యంగా వచ్చిందన్న మాట మీద నిర్మాత చక్రపాణికీ ఆమెకూ పట్టింపు పెరిగింది. క్షమాపణ చెప్పమంటే చెప్పనంది, వేషం వదులుకుంది. ఆ పాత్ర సావిత్రికి వెళ్ళింది, 1955లో చిత్రం విడుదలైంది, సావిత్రి అగ్రశ్రేణి నటి అయింది. తాను తప్పుకోవడం వల్ల ఒక మంచి నటి వెలుగులోకి వచ్చిందని భానుమతి తరవాతి కాలంలో సంతోషంగానే చెప్పుకుంది. ఆమెను గర్విష్ఠి అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మగనటులకు, నిర్మాతలకు సహజమనిపించే పట్టుదల ఆడమనిషిలో కనబడేసరికి దానికి గర్వమన్న పేరు పడిందనడమే సరైనది.

1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో ఏకకాలంలో తీసింది. నిర్మాణ సంస్థ తనదే, దర్శకత్వం తనదే, ద్విపాత్రాభినయమూ పాటలూ తనవే. రాజమందిరంలో పెరిగే చంప, అడవిలో పెరిగే చండి అనే కవలలుగా ఆమె నటించింది. కథానాయకుడు రామారావు. తెలుగులో సినిమాకు దర్శకత్వం వహించిన తొలి మహిళగా ఆమె పేరు దీనితోనే నిలిచింది. సావిత్రి ‘చిన్నారి పాపలు’తో దర్శకురాలు కావడానికి మరో పదిహేనేళ్ళు పట్టింది.

భరణీ సంస్థ తీసిన మిగతా చిత్రాలను చూస్తే ఒకే మూసలో కూర్చోలేదని తెలుస్తుంది. 1954లోనే ‘చక్రపాణి’ అనే హాస్యచిత్రం, ‘విప్రనారాయణ’ అనే భక్తిచిత్రం వచ్చాయి. ‘చక్రపాణి’కి సంగీతం ఆమే కూర్చింది. ‘విప్రనారాయణ’లో శ్రీరంగంలో పూలదండలు కడుతూ బతికే భక్తుణ్ణి పంతం పట్టి లొంగదీసుకునే దేవదేవి ఆమె. స్వర్గసీమలోని సుజాతకు అక్కలాంటి పాత్ర ఇది. పంతంతో మొదలైన ఆట ప్రేమగా, ప్రేమ పశ్చాత్తాపంగా మారే మెట్లన్నీ ఇక్కడ స్పష్టంగా కనబడతాయి. 1956లో కాళ్ళకూరివారి మరో నాటకం ‘చింతామణి’ని తీశారు. 1961లో శరత్ నవల ‘బడదీదీ’ ఆధారంగా ‘బాటసారి’ వచ్చింది. వితంతువు మాధవిగా ఆమె అందులో దాదాపు గొంతెత్తదు. అధికారం ఉట్టిపడే పాత్రలకే ఆమె పనికొస్తుందనుకునేవారు ఈ చిత్రం తప్పక చూడాలి.

1960లలో కథానాయిక వయసు దాటుతుండగా ఆమె వెనక్కి తగ్గలేదు, పాత్రల తీరు మార్చుకుంది. తమిళ ‘అన్నై’లో పెంచిన తల్లిగా, ‘బొబ్బిలి యుద్ధం’లో మల్లమ్మగా, ‘అంతస్తులు’లో రాణిగా, 1966 నాటి ‘పల్నాటి యుద్ధం’లో నాయకురాలు నాగమ్మగా నటించింది. ‘అంతస్తులు’ 1965 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. 1966లో భానుమతికి పద్మశ్రీ వచ్చింది. ‘గృహలక్ష్మి’, ‘అంతా మన మంచికే’ చిత్రాలకు ఆమే దర్శకురాలు. పిల్లలతోనే ‘భక్త ధ్రువ మార్కండేయ’ తీసింది.

ఈలోగా రచయిత్రిగా ఆమెకు మరో పాఠకలోకం ఏర్పడింది. ‘అత్తగారి కథలు’లో మడీ ఆచారమూ వదలని, లోకం పోకడ తెలియని అత్తగారి ఇక్కట్లను కోడలే చెబుతుంది. తెలుగు సాహిత్యంలో అత్త అనగానే గయ్యాళి గుర్తొచ్చేది. ఈ అత్తగారు అమాయకురాలు, మొండిది, ముద్దొచ్చేది. ఎగతాళి ఉన్నా అందులో చులకన లేదు. ఈ కథలకు రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. స్వీయచరిత్ర ‘నాలో నేను’ సినిమా గ్రంథాల్లో జాతీయ పురస్కారం గెలుచుకుంది.

ఆ అత్తగారి పోలిక తెర మీదికీ వచ్చింది. 1974లో రామారావు దర్శకత్వంలో వచ్చిన ‘తాతమ్మ కల’లో ఆమె ముదుసలిగా నటించింది. బాలకృష్ణకు అది తొలిచిత్రం. పదేళ్ళకు కోడి రామకృష్ణ ‘మంగమ్మగారి మనవడు’లో అదే బాలకృష్ణకు నానమ్మగా ఊరి మీద పెత్తనం చేసే మంగమ్మ అయింది. టైటిల్లో పేరు ఆమెది, సినిమాకు బలమూ ఆమెదే. ‘అత్తగారు స్వాగతం’, ‘బామ్మ మాట బంగారు బాట’ వంటివి ఆ వరసలో వచ్చినవే. అరవై దాటిన నటిని నడుమ పెట్టి కథ అల్లడం తెలుగు వాణిజ్య చిత్రాల్లో అరుదు. అలాంటి కథలు ఆమె కోసం వరసగా పుట్టాయి.

1985లో రాష్ట్ర ప్రభుత్వం రఘుపతి వెంకయ్య అవార్డు ఇచ్చింది. మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాల బాధ్యతలు కూడా ఆమె కొంతకాలం నిర్వహించింది. 1986లో రామకృష్ణారావు కన్నుమూశాడు. 1993లో ‘అసాధ్యురాలు’కు దర్శకత్వం వహించింది. 1998 నాటి ‘పెళ్ళికానుక’ ఆమె చివరి చిత్రం. 2001లో పద్మభూషణ్ వచ్చింది. 2005 డిసెంబరు 24న చెన్నైలో మరణించింది. అరవై ఏళ్ళ ఆ ప్రయాణంలో పరిశ్రమ నేపథ్యగానానికి పూర్తిగా మారిపోయినా, భానుమతి మాత్రం తన పాత్రలకు తానే పాడుకుంది.