రైఫిల్ బెడ్డింగ్

రైఫిల్ బెడ్డింగ్ అనగా రైఫిల్ యొక్క లోహభాగమును స్టాక్‌లో (భుజమునకు ఆనించి పట్టుకొను కొయ్య లేదా ఫైబర్ భాగములో) కదలకుండునట్లు, వంపు ఒత్తిడి పడకుండునట్లు అమర్చు విధానము. గొట్టము స్టాక్‌ను ఎక్కడను తాకకుండునట్లు దాని చుట్టూ ఖాళీ విడుచుటను ఫ్రీ ఫ్లోటింగ్ అందురు. బోల్ట్ యాక్షన్ వేట రైఫిళ్ళ గురి నిలకడను పెంచుటకు సాధారణముగా ఈ రెండు పనులను కలిపి చేయుదురు.

అవసరము

తూటా పేలినపుడు గొట్టము కంపించును. ప్రతి పర్యాయము ఈ కంపనము ఒకే తీరుగా ఉన్నచో గుండ్లు దగ్గరదగ్గరగా తగులును. కొయ్య స్టాక్ ఈ నిలకడను చెరచును. కొయ్య తేమను పీల్చి ఉబ్బును, ఆరినపుడు కుంచించుకొని వంగును. వంగిన కొయ్య గొట్టమును ఒక ప్రక్కకు నెట్టుటచే, ఎండాకాలమున సరిచేసిన గురి వానాకాలమునకు తప్పవచ్చును. వరుసగా కాల్చి గొట్టము వేడెక్కినపుడు కూడ ఈ ఒత్తిడి మారును.

నిలకడను కోణములో కొలుతురు. ఒక డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషము. 100 మీటర్ల దూరమున ఇది సుమారు 29 మిల్లీమీటర్లకు సమానము. వేటలో ఈ తేడాలు చిన్నవి కావు. గుండెకు తగలవలసిన గుండు కడుపున తగిలినచో జంతువు వెంటనే చావక, గాయముతో పారిపోయి బాధపడును.

ఒక ఉదాహరణ

రెమింగ్టన్ 700 అను వేట రైఫిల్ 1962లో వెలువడినది. దీని ఆధారముగా తయారైన ఎం40 రైఫిల్‌ను అమెరికా మెరైన్ దళము 1966లో స్వీకరించి వియత్నాం యుద్ధమున వాడినది. అక్కడి తేమకు దీని అక్రోటు కొయ్య స్టాక్ ఉబ్బి వంగుట పెద్ద సమస్య అయ్యెను. 1970లలో వచ్చిన ఎం40ఎ1 నమూనాలో కొయ్యకు బదులుగా ఫైబర్ గ్లాస్ స్టాక్‌ను వాడిరి.

బెడ్డింగ్ చేయు విధానము

ముందుగా రైఫిల్‌లో తూటా లేదని నిర్ధారించుకొనవలెను. పిమ్మట మరలు విప్పి లోహభాగమును వేరు చేయుదురు. రిసీవర్ కూర్చుండు చోట కొయ్యను కొద్దిగా తొలచి, ఆ ఖాళీలో ఎపాక్సీ ముద్దను నింపుదురు. లోహమునకు ఎపాక్సీ అంటుకొనకుండ మైనము వంటి పూత పూసి, మర రంధ్రములను మట్టి ముద్దతో మూయవలెను. ఈ పూత మరచినచో రైఫిల్ స్టాక్‌కు శాశ్వతముగా అతుకుకొనిపోవును.

కాల్చినపుడు వెనుకకు తన్ను బలమును రీకాయిల్ లగ్ అను మెట్టు స్టాక్‌కు అందించును. ఈ మెట్టు వెనుక వైపు మాత్రమే ఎపాక్సీకి గట్టిగా ఆనవలెను. అందుచే దాని ముందు, ప్రక్కలు, అడుగు భాగములకు టేపు అంటించి సన్నని ఖాళీ ఉంచుదురు. మరలు బిగించినపుడు కొయ్య నలగకుండుటకు మర రంధ్రములలో అల్యూమినియం గొట్టములను అమర్చుటను పిల్లర్ బెడ్డింగ్ అందురు.

ఫ్రీ ఫ్లోటింగ్

స్టాక్ ముందుభాగపు గాడిని గీకి, గొట్టమునకు ఇరువైపుల, అడుగున సమానమైన ఖాళీ ఏర్పరచుదురు. గొట్టము క్రింద కాగితమును పెట్టి రిసీవర్ వరకు లాగినపుడు అది ఎక్కడను చిక్కుకొనరాదు. గీకిన కొయ్యకు నూనె లేదా వార్నిష్ పూయనిచో అది మరింత తేమను పీల్చును.

పరీక్ష

గొట్టము, స్టాక్ కొన కలియుచోట వ్రేలు ఆనించి ముందు మరను వదులు చేయవలెను. గొట్టము కదలినట్లు వ్రేలికి తెలిసినచో లోహభాగము వంపు ఒత్తిడిలో ఉన్నదని అర్థము.

పరిమితులు

ఫ్రీ ఫ్లోటింగ్ అన్ని రైఫిళ్ళకు మేలు చేయదు. సన్నని గొట్టములు కొన్ని, స్టాక్ కొన వద్ద స్వల్ప ఒత్తిడి ఉన్నపుడే బాగుగా కాల్చును. లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ముందుభాగపు కొయ్య గొట్టమును నిర్ణీత చోట్ల తాకునట్లు రూపొందింపబడినది. కావున గీకుటకు ముందు కాల్చి చూచి, దూరదర్శిని బిగింపు, తూటాల రకము, గొట్టపు మూతి అంచు సరిగా ఉన్నవో లేదో పరీక్షించవలెను. గీకివేసిన కొయ్యను తిరిగి తెచ్చుట కష్టము.

భారతదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద, ప్రత్యేక అనుమతి ఉన్న సందర్భములు తప్ప, వన్యప్రాణుల వేట నిషిద్ధము. గురి పోటీలకు వాడు రైఫిళ్ళకు కూడ ఇవే సూత్రములు వర్తించును.

ఇవి కూడా చూడండి

రైఫిల్
బోల్ట్ యాక్షన్
లీ-ఎన్‌ఫీల్డ్