క్రీస్తు బలిమరణం: ఎవరు ఎవరికి ఇచ్చిన బలి?

క్రీస్తు శకం 30 ప్రాంతంలో (33 అనే పండితులూ ఉన్నారు) యూదయను ఏలుతున్న రోమన్ అధికారి పొంతి పిలాతు తీర్పు మీద, యెరూషలేము గోడల వెలుపల, నజరేయుడైన యేసును సిలువ వేశారు. ఈ చావు మనుషుల పాపాల కోసం జరిగిన బలి అనీ, తెగిపోయిన దేవుడి బంధం దీనితో మళ్లీ కలిసిందనీ క్రైస్తవుల నమ్మకం. మరణం జరిగిందన్న సంగతిలో చరిత్రకారులకు పెద్ద తగాదా లేదు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ 2వ శతాబ్ది తొలినాళ్లలో పిలాతు పేరుతో సహా దాన్ని రాసిపెట్టాడు. తగాదా అంతా 'బలి' అన్న మాట దగ్గరే. తెలుగువాళ్లకు ఆ మాట చెవిన పడగానే జాతరలో అమ్మవారి ముందు నిలబెట్టిన వేటపోతు మెదులుతుంది. కోపంగా ఉన్న దేవత, బెదిరిన ఊరు, మధ్యలో నెత్తురు. (జాతర బలికి ఇంతకంటే లోతైన అర్థాలున్నాయి, అది వేరే వ్యాసం.) ఆ బొమ్మను ఉన్నపళంగా తెచ్చి సిలువ మీద పెడితే, తండ్రి కోపం చల్లార్చడానికి కొడుకు ప్రాణం పోయిందన్న కథ తయారవుతుంది. బయటివాళ్లకే కాదు, నమ్మేవాళ్లలోనూ చాలామందికి తెలిసింది ఈ కథే. కొత్త నిబంధన రాతలను దగ్గర పెట్టుకుని చూస్తే మాత్రం బలి దిశే తిరగబడి కనిపిస్తుంది. అక్కడ ఇచ్చేవాడు దేవుడు, పుచ్చుకునేవాళ్లు మనుషులు.

అసలు సిలువ దగ్గర జరిగినదానిలో బలి పోలికలు ఏమీ లేవు. బలిపీఠం లేదు, యాజకుడు లేడు, మంత్రం లేదు. ఉన్నవాళ్లు కూలికి పనిచేసే సిపాయిలు, దొంగలు, వేడుక చూసే జనం. 1968లో యెరూషలేముకు ఉత్తరాన గివాత్ హమివ్తార్ దగ్గర ఒక సమాధి గుహలో, సిలువ వేయబడ్డ యెహోహనాన్ అనే మనిషి పేరు చెక్కిన ఎముకల పెట్టె దొరికింది. అందులోని మడమ ఎముకలో 11 సెంటీమీటర్లకు పైబడిన ఇనుప మేకు ఇంకా దిగబడే ఉంది. మొన వంగిపోవడంతో ఊడి రాక, దాన్ని అలాగే పాతిపెట్టారు. సిలువ అంటే ఆనాటివాళ్లకు అదీ: తిరగబడ్డ బానిసకూ, రాజద్రోహికీ వేసే, పరువు తీసి చంపే శిక్ష. రోములో పాలటైన్ కొండ మీద 1857లో బయటపడ్డ ఒక గోడ గీత ఇంకా సూటిగా చెబుతుంది. సుమారు 200 నాటిదిగా ఎంచే ఆ గీతలో సిలువ మీద గాడిద తల మనిషి, కింద చెయ్యెత్తి నిలబడ్డ మరో మనిషి, పక్కన వంకర గ్రీకు అక్షరాల్లో అలెక్సామెనోస్ తన దేవుణ్ణి కొలుస్తున్నాడన్న వెక్కిరింత ఉన్నాయి. ఇంత నగుబాటైన చావును పవిత్రమైన బలి అనడం ఎవరికీ దానంతట అది తోచే మాట కాదు. అయినా అది చాలా ముందే పుట్టింది. 50ల నడుమ కొరింథు సంఘానికి రాస్తూ అపొస్తలుడు పౌలు, క్రీస్తు మన పాపాల నిమిత్తం చనిపోయాడన్నది తాను కల్పించింది కాదనీ, తనకు ముందువాళ్లు అప్పగించిన మాటనీ గుర్తుచేశాడు. అంటే యేసు పోయిన ఇరవై ఏళ్ల లోపే అది పాఠంలా అప్పజెప్పే వాక్యమైంది.

ఆ తొలి విశ్వాసులు యూదులు. వాళ్లకు బలి అంటే యెరూషలేము దేవాలయంలో జరిగేది. కాబట్టి మాట అర్థం అక్కడ వెతకాలి. లేవీయకాండము ప్రకారం మామూలు బలుల్లో పశువును కోసేది చాలావరకు తెచ్చిన మనిషే. యాజకుడి పని ఆ తరవాత, రక్తంతో మొదలవుతుంది. రక్తంలో ప్రాణముంది, దాన్ని బలిపీఠం మీద మీకు ఇచ్చింది నేనే అని దేవుడు చెప్పినట్టు ఆ గ్రంథం 17వ అధ్యాయంలో ఉంది. దిశ అక్కడే తిరగడం మొదలైందన్నమాట. ఏడాదికొకసారి వచ్చే ప్రాయశ్చిత్త దినాన రెండు మేకలు తెస్తారు. ఒకదాన్ని వధించి దాని రక్తాన్ని గర్భగుడిలో మందసం అనే పవిత్రమైన పెట్టె మూత మీద చిలకరిస్తారు. రెండో దాని తల మీద చేతులుంచి ప్రధాన యాజకుడు జనం పాపాలన్నీ ఒప్పుకుంటాడు, కానీ దాన్ని బలి ఇవ్వరు, అడవిలోకి తోలేస్తారు. ఇది గమనించాల్సిన సంగతి. పాపం మోసిన మేక బలి కాలేదు, బలి అయిన మేక మీద పాపాలు మోపలేదు. పశువును పాపికి బదులుగా శిక్షించడమే దేవాలయ బలి అన్న ఊహ ఇక్కడ నిలవదు. రక్తం కడగడానికి, శిక్షించడానికి కాదు. ఇంకో విశేషం 5వ అధ్యాయంలో ఉంది. పావురాలు కొనే స్తోమతు కూడా లేనివాడు పాపం నిమిత్తం ఎఫాలో పదో వంతు, అంటే సుమారు రెండు లీటర్ల గోధుమపిండి తెస్తే చాలు. ఆ పిండిలో నూనె కలపకూడదు, సాంబ్రాణి వెయ్యకూడదు, యాజకుడు పిడికెడు తీసి మంటలో వేస్తాడు, పాపం క్షమించబడుతుంది. నెత్తురు చుక్క లేదు. రక్తం చిందకుండా క్షమాపణ లేదని చెప్పిన హెబ్రీయులకు రాసిన పత్రిక కూడా దాన్ని సార్వత్రిక సూత్రంగా చెప్పలేదు. ఆ వాక్యంలో 'సామాన్యముగా' అన్న మినహాయింపు తెలుగు బైబిల్లోనూ ఉంది, ప్రసంగాల్లోనే తరచు జారిపోతుంది.

తెలుగు అనువాదంలో జారిపోయిన లంకె మరొకటుంది. రోమీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో పౌలు, దేవుడు క్రీస్తును 'హిలాస్టీరియోన్'గా ముందుంచాడని అంటాడు. ఆ గ్రీకు మాట కొత్త నిబంధనలో రెండే చోట్ల వస్తుంది. రెండోది హెబ్రీయుల పత్రిక 9వ అధ్యాయంలో. అక్కడ దాని అర్థం రక్తం చిలకరించే ఆ మందసపు మూతే. పాత నిబంధన గ్రీకు అనువాదంలోనూ అదే మాట. పాత తెలుగు బైబిలు రెండో చోట 'కరుణాపీఠము' అంది, పౌలు వాక్యంలో 'కరుణాధారము' అంది. రెండూ చక్కటి మాటలే గాని, ఒకే పదమన్న సంగతి పాఠకుడికి అందదు. లంకె కలిపి చదివితే పౌలు చెప్పేది వేరుగా ధ్వనిస్తుంది: ఏడాదికొకసారి ప్రధాన యాజకుడొక్కడే తెర వెనక చూసిన చోటును దేవుడు నలుగురిలో, బట్టబయట నిలబెట్టాడు. నిలబెట్టింది దేవుడే, దేవుణ్ణి ప్రసన్నం చేసుకోవాలని మనుషులు కాదు. పౌలు వ్యాకరణమంతా ఇదే తీరు. దేవుడికీ మనుషులకూ మధ్య సమాధానపరచడం గురించి రాసిన ప్రతిచోటా దేవుడు కర్త, మనమో లోకమో కర్మ. దేవుణ్ణి మనతో సమాధానపరిచారన్న వాక్యం ఆయన పత్రికల్లో ఒక్కటీ లేదు. అలగినవాడు ఒకడు, బతిమాలేది మరొకడు అనుకుంటాం. ఇక్కడ నష్టపోయినవాడే వచ్చి బతిమాలుతున్నాడు.

ఈ మరణం ఎలా పనిచేసిందన్నదానికి సంఘం ఒకే జవాబు ఖాయం చెయ్యలేదు. క్రీస్తు స్వభావం మీద మహాసభల మీద మహాసభలు జరిగాయి. 381 నాటి విశ్వాస ప్రమాణం మాత్రం మా కొరకు సిలువ వేయబడ్డాడని చెప్పి అక్కడితో ఆగింది. ఆ ఖాళీని తరతరాలు తమ లోకం నుంచి తెచ్చిన పోలికలతో నింపాయి. యేసు తన ప్రాణాన్ని విమోచన క్రయధనంగా ఇవ్వడానికి వచ్చానన్న మాట మార్కు సువార్తలో ఉంది. బానిసల సంతలు తెలిసినవాళ్లకు అది వెంటనే అందింది. చిక్కల్లా, ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్లిందని అడగడంతో వచ్చింది. 4వ శతాబ్దిలో నీస్సా గ్రెగరీ, సాతానుకే అన్నాడు. క్రీస్తు శరీరం ఎర, లోపల దాగిన దైవత్వం గాలం, సాతాను చేపలా మింగి చిక్కాడని వర్ణించాడు. ఆయన మిత్రుడు నాజియాంజస్ గ్రెగరీకి ఇది ఒంటికి పడలేదు. దొంగకు దేవుడు కప్పం కట్టడమా అని మండిపడి, తండ్రికి చెల్లిందన్నా ఒప్పుకోలేదు. అబ్రాహాము బలి ఇవ్వబోయిన కొడుకు ఇస్సాకునే వద్దన్న తండ్రికి సొంత కొడుకు రక్తం ఎలా ఇంపవుతుందని అడిగాడు. నేటి విమర్శకులు కొత్తగా కనిపెట్టామనుకునే ప్రశ్న పదహారు శతాబ్దాల నాటిది, అడిగినవాడు బిషప్పు.

పడమటి దేశాల్లో పోలిక మారింది. కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ అన్సెల్మ్ 1098లో ముగించిన గ్రంథంలో సాతాను హక్కుల్ని కొట్టిపారేసి, పాపం అంటే దేవుడికి చెల్లించాల్సిన గౌరవం ఎగ్గొట్టడమని వివరించాడు. ప్రభువూ సామంతుడూ ఉన్న కాలం మాట అది. అన్సెల్మ్ దగ్గర శిక్ష, పరిహారం రెండూ ఒకటి కావు, అయితే ఇది లేదా అది. క్రీస్తు పరిహారం ఇచ్చాడు గనక శిక్ష తప్పింది. క్రీస్తే శిక్ష పడ్డాడన్న సూత్రం గట్టిపడింది 16వ శతాబ్ది సంస్కర్తల కాలంలో, ముఖ్యంగా కాల్విన్ చేతిలో. ఆయన న్యాయశాస్త్రం చదువుకున్నవాడు, పోలిక కోర్టుది. అయినా కాల్విన్ సైతం, క్రీస్తు చనిపోయాక దేవుడు మనల్ని ప్రేమించడం మొదలుపెట్టలేదనీ, ప్రేమించాడు గనకే సమాధానపరిచాడనీ ప్రాచీన వేదాంతి అగస్టీను సాక్ష్యంతో నొక్కి చెప్పాడు. కాల్విన్ పేరు చెప్పుకునే ప్రసంగాల్లో ఈ పేజీ వినిపించడం అరుదు. అంతకుముందే, 12వ శతాబ్దిలో వేదాంతి అబెలార్డ్, సిలువ మనలో తిరుగు ప్రేమను రగిలిస్తుందన్న కోణం ముందుకు తెచ్చాడు. 1930లో స్వీడన్ వేదాంతి గుస్టాఫ్ ఔలెన్, మరణం మీదా దుష్టశక్తుల మీదా క్రీస్తు గెలుపన్న ప్రాచీన కోణాన్ని మళ్లీ తవ్వితీశాడు. తూర్పు సంఘాలు దాన్ని ఎన్నడూ వదల్లేదు. వాళ్ల పునరుత్థాన చిత్రంలో క్రీస్తు పాతాళపు తలుపులు తొక్కి, ఆదామును మణికట్టు పట్టి పైకి లాగుతుంటాడు.

దేవుడే దాత అయితే దేవుడి ఉగ్రత ఏమైనట్టన్నది మొదటి అభ్యంతరం. పౌలు రోమా పత్రిక మొదటి అధ్యాయంలోనే ఉగ్రత మాట వస్తుంది, దాన్ని దాచిపెట్టలేం. 1950లలో బైబిలు పండితుడు లియాన్ మోరిస్ ఈ పాయింటు మీదే మరో పండితుడు సి.హెచ్. డాడ్‌తో విభేదించాడు. ఉగ్రతను పక్కన పెట్టలేమన్న మోరిస్ పక్షమే బలంగా ఉంది. కానీ ఉగ్రత ఉందనడం వేరు, తండ్రి నుంచి కుమారుడు మనల్ని కాపాడాడనడం వేరు. యెషయా 53 ఇంకా బరువైన సాక్ష్యం. మన దోషం అతని మీద మోపబడిందని అక్కడ తేటగా ఉంది, బదులుగా బాధపడడమన్న భావాన్ని చెరిపెయ్యడం కుదరదు. అయితే దేవుడు అతణ్ణి కొట్టాడని మనం అనుకున్నాం అన్న ఒప్పుకోలు కూడా అదే అధ్యాయంలో, చూసినవాళ్ల పొరపాటుగా వినిపిస్తుంది. బదులు ఉంది. తండ్రీకొడుకుల మధ్య వైరం మాత్రం లేదు.

పాపాన్ని ఒకడు చేస్తే మరొకడు అనుభవించడమేమిటన్నది మన దేశంలో తరచు వినే ప్రశ్న. ఎవరి కర్మ వారిదే. బైబిల్లో యెహెజ్కేలు 18వ అధ్యాయమూ ఇదే అంటుంది, తండ్రి దోషశిక్షను కొడుకు మొయ్యడు. 1594లో అచ్చయిన వేదాంతి సొచీనస్ పుస్తకం దీన్ని తర్కంగా మలిచింది: బాకీ చెల్లిందంటే క్షమించలేదని అర్థం, క్షమించారంటే చెల్లలేదని. దేవుడు, పాపి, క్రీస్తు అని ముగ్గురు వేర్వేరుగా ఉన్నారనుకుంటే ఈ వాదనకు జవాబు లేదు. క్రీస్తులో ఉన్నది దేవుడే, కాబట్టి ఇద్దరే ఉన్నారనుకుంటే ఉంది. షావుకారు నోటు చింపేస్తే బాకీదారు బయటపడతాడు, కానీ డబ్బు ఎక్కడికీ మాయం కాదు, ఆ నష్టం షావుకారు నెత్తినే పడుతుంది. కొలొస్సయుల పత్రిక సరిగ్గా ఈ బొమ్మే గీసింది, మన మీదున్న రుణపత్రాన్ని మేకులతో సిలువకు కొట్టాడని. ఈ జవాబు ఆ అవతార విశ్వాసం మీద నిలబడి ఉంది. దాన్ని తీసేస్తే కూలుతుంది. సొచీనస్ దాన్ని తీసేసినవాడే.

గాంధీ అభ్యంతరం ఇంకా లోతైనది. 1893లో ప్రిటోరియాలో ప్లిమత్ బ్రెథ్రెన్ శాఖవారొకరు, క్రీస్తు మన పాపాలు మోశాడు గనక వాటి గురించి కలవరపడక్కర్లేదని నచ్చజెప్పబోయారు. తాను కోరేది పాప ఫలితం నుంచి విడుదల కాదనీ, పాపం నుంచే అనీ గాంధీ బదులిచ్చినట్టు ఆత్మకథలో ఉంది. ఆ మాటకు పౌలు తల ఊపేవాడే. కృప పెరగాలని పాపంలో ఉండిపోదామా అన్న ప్రశ్నను ఆయనే వేసి, ఛీకొట్టాడు. ఒకడు అందరి కోసం చనిపోయాడు గనక మిగతావాళ్లు చావనక్కర్లేదని ఆయన రాయలేదు, గనక అందరూ చనిపోయారు అని రాశాడు. తమ పాత బతుకు ఆ చావులో కలిసిపోయిందన్నదే బాప్తిస్మం అర్థం.

బలి మళ్లీ మళ్లీ జరుగుతుందా అన్న తగాదా ఇంకా తీరలేదు. కాథలిక్కుల ట్రెంట్ మహాసభ 1562లో, తమ ఆరాధనలోని పూజాబలి రక్తరహితమైన నిజమైన బలి అని నిర్ణయించింది. ప్రొటెస్టంట్లు 'ఒక్కసారే' అన్న హెబ్రీయుల పత్రిక మాటను చూపారు. అది పునరావృతి కాదు, ఆ ఒక్క బలే మన ముందుకు రావడమని కాథలిక్కుల వివరణ. తెలుగు ప్రొటెస్టంట్ సంఘాల్లో గుడ్ ఫ్రైడేనాడు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు సాగుతాయి. లీమా నగరంలో కాథలిక్ జెస్యూట్లు మొదలుపెట్టిన ఆరాధన ఇది, ఆ తగాదాలు దాటి ఇక్కడిదాకా వచ్చింది. వాటిలో మొదటి మాట, మేకులు కొట్టినవాళ్ల కోసం తండ్రిని క్షమాపణ అడగడం. ప్రాణం ఇంకా పోలేదు, అప్పటికే క్షమాపణ మాట వచ్చేసింది. లూకా సువార్త ప్రాచీన ప్రతులు కొన్నింటిలో ఆ వాక్యం కనిపించదు. తరవాత చేర్చారని కొందరు, అంత క్షమ మింగుడుపడక తీసేశారని కొందరు అంటారు.