సైకిల్ ఇచ్చారు, దారి ఎవరిస్తారు?



బడి ముందు రోడ్డు మీద సైకిళ్లకు విడిగా దారి కావాలని అడిగితే "చోటెక్కడుంది?" అంటారు. ఇది ఇంజనీరు లెక్క అనుకుంటాం. నేను దీన్ని చరిత్ర లెక్కగానే చూస్తాను. రోడ్డు మీద ఎవరు దర్జాగా పోవాలి, ఎవరు పక్కకు తప్పుకోవాలి అన్నదే అసలు ప్రశ్న.

1893లో తిరువితాంకూరులో అయ్యంకాళి ఎద్దుల బండెక్కి, పులయలకు నిషేధించిన రాజవీధిలో తోలుకుపోయారు. దాడులు జరిగినా బండి ఆగలేదు. తర్వాత ఆయన నాయకత్వంలోనే, మా పిల్లల్ని బడిలో చేర్చుకోకపోతే పొలంలో దిగం అని పులయ కూలీలు సమ్మె కట్టారు. దారి, బడి ఆయనకు వేర్వేరు పోరాటాలు కావు. దారి మూసి ఉంటే బడి తలుపు తెరిచి ఏం లాభం?

2006లో బీహార్ ప్రభుత్వం 9వ తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి 2,000 రూపాయలిచ్చింది. దాంతో హైస్కూల్లో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ లెక్కగట్టారు. బడికి దూరంగా ఉన్న ఊళ్లకే ఎక్కువ మేలు జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ సర్కారు బడి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. కానీ ఊరి చివరి వాడ నుంచి బయల్దేరిన పిల్ల ఇప్పటికీ లారీల పక్కన, మట్టి అంచు మీదే తొక్కుతోంది.

నెదర్లాండ్స్‌లో 1971లో ఒక్క ఏడాదే 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. అక్కడి జనం "పిల్లల హత్యలు ఆపండి" అంటూ వీధుల్లోకి వచ్చారు. ప్రమాదం అనలేదు, హత్య అన్నారు. 1973 చమురు సంక్షోభం కూడా తోడై, ప్రభుత్వం సైకిల్ దారుల వైపు తిరిగింది.

మన దగ్గర డబ్బు లేదా? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. లేనిదల్లా వాడ నుంచి హైస్కూలు దాకా రెండు కిలోమీటర్లే.

తెల్ల గీత గీస్తే సరిపోదు, దాని మీద కార్లు ఆపుతారు. మధ్యలో గట్టు కట్టాలి, బడి దగ్గర స్పీడ్ బ్రేకర్ వేయాలి.

విద్యార్థులారా, టేపు పట్టుకుని మీ బడి రోడ్డు కొలవండి. పొద్దున ఎన్ని సైకిళ్లు పోతున్నాయో లెక్క రాయండి. ఆ కాగితం గ్రామసభలో పెట్టండి. చోటు లేదన్నవాళ్లు ఆ లెక్కకు జవాబు చెప్పాలి.